వేప్ బ్యాటరీ కొనేటప్పుడు చూడాల్సింది ఎంఏహెచ్ కాదు, ఆంపియర్లు

అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2009 నుంచి 2016 దాకా ఆ దేశంలో ఈ-సిగరెట్లు (వేప్‌లు, అంటే బ్యాటరీతో ద్రవాన్ని వేడిచేసి ఆ ఆవిరిని పీల్చే పరికరాలు) అంటుకున్నవి, పేలినవి ఎన్ని అని వార్తల్లో వచ్చినవన్నీ కూర్చి చూస్తే 195 ఘటనలు తేలాయి. గాయాలు 133, అందులో తీవ్రమైనవి 38. ఈ లెక్కలో ఆగి చూడాల్సిన చోటు వేరే ఉంది. పరికరాన్ని వాడుతుండగా జరిగినవి 60 అయితే, అది గానీ విడి బ్యాటరీ గానీ జేబులో ఊరికే ఉండగా జరిగినవి 61. చార్జింగ్‌లో ఉండగా జరిగినవి 48. అంటే మనిషి దాన్ని ముట్టుకోని సమయంలో కూడా ప్రమాదం జరుగుతూనే ఉంది. ఆ నివేదిక నాటికి మరణాలు లేవు. ఆ తర్వాత 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సస్‌లో ఒకరు ఈ పేలుళ్లలో చనిపోయారు.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటనలు అన్నీ 2019 చట్టంతో నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ చేసినా శిక్ష ఉంది. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చాటుగా దొరికే వేప్‌కు ఏ బ్యాటరీ మంచిదన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. ఈ వివరాలు అవసరమయ్యేది అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల, ఇవి చట్టబద్ధంగా అమ్మే దేశాల్లో ఉన్న మనవాళ్లకు. నికోటిన్ అలవాటు అక్కడైనా ఇక్కడైనా అలవాటే, మానేయగలిగితే అంతకన్నా మంచి సలహా లేదు. కానీ జేబులో ఉన్న బ్యాటరీ సెల్, వాడే మనిషి రేపు మానేస్తాడో లేదో చూసి ఆగదు. పైగా ఇదే సెల్ మన ఊళ్లలో చార్జింగ్ టార్చ్‌లైట్లలో, పవర్ బ్యాంకుల్లో, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉంటుంది. కాబట్టి దీని గురించి తెలుసుకోవడం వేప్ ముట్టనివాళ్లకు కూడా పనికొస్తుంది.

దాని పేరు 18650. పేరులోనే కొలతలు ఉన్నాయి: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా అది గుండ్రటి గొట్టం ఆకారంలో ఉందని చెప్పడానికి. దీనికి అన్నలాంటిది 21700. రెండూ లిథియం అయాన్ సెల్స్. సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చిన ఈ రకం బ్యాటరీ మన జీవితాలను ఎంత మార్చిందంటే, దానికి పునాది వేసిన జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. నిండా చార్జ్ అయినప్పుడు 4.2 వోల్టులు, వాడుతూ పోతే మూడు వోల్టుల దగ్గరికి దిగుతుంది. సగటున 3.6 లేదా 3.7 అని పైన రాస్తారు.

ఈ సెల్‌ను చేతిలోకి తీసుకుని ప్లస్ వైపు దగ్గరగా చూస్తే జేబులో జరిగే ప్రమాదం సగం అర్థమవుతుంది. మన ఇంట్లో రిమోట్‌కు వేసే సెల్‌లో ఒక కొన ప్లస్, ఇంకో కొన మైనస్ అని మనకు అలవాటు. 18650లో అలా కాదు. అడుగు మాత్రమే కాదు, ఒళ్లంతా మైనసే. ఆ ఉక్కు డబ్బా మొత్తం మైనస్. అది పైదాకా వచ్చి, అంచు లోపలికి మడిచి ఉంటుంది. ఆ మడత మధ్యలో ప్లస్ బిళ్ల కూర్చుంటుంది. రెండింటికీ మధ్య దూరం గోరు మందం కన్నా పెద్ద ఎక్కువేం కాదు. ఆ సందు మీద ఒక చిన్న కాగితపు రింగు, దాని మీద పల్చటి ప్లాస్టిక్ తొడుగు. అంతే. ఈ రెండే ప్లస్‌ను, మైనస్‌ను విడదీసి ఉంచుతున్నాయి. ఆ తొడుగు అంచు దగ్గర కాస్త చిరిగి, పక్కన ఇంటి తాళంచెవో రెండు చిల్లర నాణేలో ఉంటే చాలు, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కొన్ని సెకన్లలో తాళంచెవి కాలిపోయేంత వేడెక్కుతుంది, సెల్ లోపల అంతకన్నా ఘోరం మొదలవుతుంది.

లోపల జరిగేది మంటకన్నా ముందు ఒక గొలుసు. వేడి సుమారు 130 డిగ్రీలు దాటితే ప్లస్, మైనస్ పొరల మధ్య ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర కరుగుతుంది. పొరలు ఒకదానికొకటి తగులుతాయి, ఇంకా వేడి. ఆపైన ప్లస్ వైపు పదార్థం నుంచి ఆక్సిజన్ విడుదలవుతుంది. లోపలి ద్రవం ఎలాగూ మండే స్వభావం ఉన్నదే. ఇంధనం లోపలే, ఆక్సిజన్ లోపలే, వేడి లోపలే. అందుకే ఒకసారి మొదలైతే బయటినుంచి గాలి ఆడకుండా మూసి ఆపేయలేం. సెల్‌కు ఆవిరి వదిలే ఏర్పాటు ఉంటుంది, కానీ దాన్ని గట్టి లోహపు గొట్టంలో బిగించి, గొట్టానికి గాలి రంధ్రాలు లేకపోతే, ఆ వాయువు కొనను చీల్చుకుని దూసుకొస్తుంది. ముఖానికి ఎదురుగా పట్టుకునే వస్తువులో ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ఎంపిక దగ్గరికి వద్దాం. దుకాణంలో కొనేవాడు మొదట అడిగేది "ఎన్ని ఎంఏహెచ్?" అని. ఫోన్ కొనేటప్పుడు వచ్చిన అలవాటు ఇది. ఎంఏహెచ్ అంటే కెపాసిటీ, సెల్‌లో ఎంత నిల్వ ఉంది అన్నది. వేప్ పరికరానికి ఇంకో లెక్క ముఖ్యం: ఆ నిల్వను ఎంత వేగంగా బయటికి తీయొచ్చు, అంటే ఆగకుండా ఎన్ని ఆంపియర్ల కరెంట్ ఇవ్వగలదు అన్నది. కుండతో పోలిస్తే కడుపు ఎంత పెద్దదన్నది కెపాసిటీ, మూతి ఎంత వెడల్పన్నది ఆంపియర్లు. ఒకే సైజు డబ్బాలో రెండూ పెంచడం కష్టం. ఎక్కువ కరెంట్ కావాలంటే పొరలు పల్చగా, కరెంట్ పోయే దారి వెడల్పుగా ఉండాలి. దానికి చోటు ఇస్తే నిల్వకు చోటు తగ్గుతుంది.

నిజమైన సెల్స్‌లో ఇది బాగా కనిపిస్తుంది. శాంసంగ్ 25ఆర్ అనే 18650 సెల్‌కు కెపాసిటీ 2500 ఎంఏహెచ్, ఆగకుండా ఇవ్వగలిగేది 20 ఆంపియర్లు. అదే శాంసంగ్ వాళ్ల 30క్యూ 3000 ఎంఏహెచ్, కానీ 15 ఆంపియర్లే. 35ఈ దగ్గరికి వస్తే 3500 ఎంఏహెచ్, కరెంట్ మాత్రం 8 ఆంపియర్లకు పడిపోతుంది. మూడూ మంచి కంపెనీ సెల్సే, మూడూ అసలైనవే. కానీ "ఎక్కువ ఎంఏహెచ్ ఉంది కదా" అని 35ఈ తెచ్చి పవర్ ఎక్కువ లాగే వేప్‌లో వేస్తే ఏమవుతుందో కింది లెక్క చెబుతుంది.

వేరియబుల్ వోల్టేజ్ పరికరంలో అసలు మెలిక

మొదట్లో వచ్చిన సాదా పరికరాల్లో బ్యాటరీ నేరుగా కాయిల్‌కు, అంటే ద్రవాన్ని వేడిచేసే తీగచుట్టకు కలిసేది. అక్కడ లెక్క హైస్కూల్లో చదివిన ఓమ్ నియమమే. నిండు బ్యాటరీ 4.2 వోల్టులు, కాయిల్ 0.25 ఓమ్ అయితే 16.8 ఆంపియర్లు. బ్యాటరీ దిగుతున్నకొద్దీ కరెంట్ కూడా తగ్గుతుంది, పొగ పల్చబడుతుంది. మొదట్లోనే గరిష్ఠం, తర్వాత దిగడమే. ఈ రకాన్ని మెకానికల్ అంటారు. లోపల ఏ రక్షణా ఉండదు, అందుకే లెక్కలు బాగా తెలిసినవాళ్లకు కూడా ఇది వద్దనే చెప్పాలి.

వేరియబుల్ వోల్టేజ్, వేరియబుల్ వాటేజ్ పరికరాల్లో మధ్యలో ఒక సర్క్యూట్ ఉంటుంది. బ్యాటరీ 4.2 దగ్గర ఉన్నా 3.3 దగ్గర ఉన్నా, తెర మీద పెట్టిన అంకె ఎంతో కాయిల్‌కు అంతే అందిస్తుంది. వాడేవాడికి హాయి. కానీ బ్యాటరీ వైపు నుంచి చూస్తే కథ తిరగబడింది. పవర్ స్థిరంగా ఉండాలంటే, వోల్టేజ్ తగ్గినకొద్దీ ఆ లోటును సర్క్యూట్ కరెంట్‌తో పూడుస్తుంది. అంటే ఈ పరికరంలో బ్యాటరీ మీద భారం నిండుగా ఉన్నప్పుడు తక్కువ, ఖాళీ అవుతున్నప్పుడు ఎక్కువ. ముసలి ఎద్దు అలసిపోయేకొద్దీ బండిలో ఇంకా బస్తాలు వేసినట్టు.

అంకెలు వేసి చూద్దాం. పరికరం 60 వాట్లకు పెట్టి ఉంది, ఒకే సెల్. సర్క్యూట్‌లో పది శాతం వృథా అవుతుందనుకుందాం. బ్యాటరీ నిండుగా 4.2 వోల్టులు ఉన్నప్పుడు 60ని 4.2తో, దాన్ని మళ్లీ 0.9తో భాగిస్తే దాదాపు 15.9 ఆంపియర్లు వస్తుంది. అదే బ్యాటరీ 3.2 వోల్టులకు దిగినప్పుడు లెక్క 20.8 ఆంపియర్లు. తెర మీద అంకె మారలేదు, వేలు నొక్కే తీరు మారలేదు, లోపల కరెంట్ మాత్రం దాదాపు మూడోవంతు పెరిగింది. ఇప్పుడు 8 ఆంపియర్ల 35ఈ ఇందులో ఉంటే, దాని శక్తికి రెండున్నర రెట్లకు పైగా లాగుతున్నట్టు. 20 ఆంపియర్ల 25ఆర్ కూడా చివర్లో అంచు దాటుతోంది. అందుకే ఈ సెల్‌తో 50 వాట్ల లోపే ఉండటం మేలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కాయిల్ ఓమ్‌లను పట్టి బ్యాటరీ కరెంట్ లెక్కగట్టడం. సర్క్యూట్ ఉన్న పరికరంలో బ్యాటరీకి కాయిల్ కనిపించదు, వాట్లు మాత్రమే కనిపిస్తాయి. వాట్ల బదులు వోల్టులు పెట్టే పాత తరహా పరికరమైతే ముందు వాట్లు కనుక్కోవాలి: వోల్టేజ్‌ను దానితోనే గుణించి, ఓమ్‌లతో భాగించాలి. 4.8 వోల్టులు, 1.2 ఓమ్ కాయిల్ అంటే 19.2 వాట్లు. ఖాళీ అవుతున్న సెల్ మీద పడేది ఆరున్నర, ఏడు ఆంపియర్ల మధ్య. అంటే చిన్న పరికరాలకు భారీ సెల్ అక్కర్లేదు, 10 ఆంపియర్ల సెల్ సరిపోతుంది. రెండు సెల్స్ వేసే పరికరమైతే మొత్తం వాట్లను రెండుతో భాగించి ఒక్కో సెల్‌కు ఇదే లెక్క వేసుకోవాలి. 80 వాట్లంటే ఒక్కోదాని మీద 40, చివర్లో సుమారు 14 ఆంపియర్లు.

కరెంట్ పెరిగితే వేడి ఎలా పెరుగుతుందన్నది కూడా తెలియాలి, ఎందుకంటే అది కరెంట్‌తో సమానంగా పెరగదు. సెల్ లోపలి నిరోధం 20 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే, 5 ఆంపియర్ల దగ్గర లోపల పుట్టే వేడి అర వాట్. 20 ఆంపియర్ల దగ్గర 8 వాట్లు. కరెంట్ నాలుగు రెట్లు, వేడి పదహారు రెట్లు. సెల్ పాతబడేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది కాబట్టి ఏడాది కింద చల్లగా ఉన్న సెల్ ఇప్పుడు అదే సెట్టింగ్‌లో వెచ్చబడుతుంది. చేతికి వేడి తగిలిందంటే పక్కన పెట్టేయాల్సిన సమయం వచ్చినట్టే.

ఇక "పల్స్" ఆంపియర్ల సంగతి. కొన్ని సెల్స్ మీద 30, 35, 40 అని అచ్చు వేసి, పక్కన చిన్నగా పల్స్ అనో మాక్స్ అనో రాస్తారు. నాలుగైదు సెకన్లే కదా పీల్చేది, ఆ మాత్రం తట్టుకుంటుంది కదా అని వాదన. ఎన్ని సెకన్లు ఇచ్చి, ఎన్ని సెకన్లు ఆగాలి, వేడి ఎంతదాకా రావొచ్చు అన్నదానికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు కాబట్టి రెండు కంపెనీల పల్స్ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేం. సోనీ విటిసి6 అనే సెల్ మంచి ఉదాహరణ. దానికి మామూలుగా 15 ఆంపియర్లు. సెల్ 80 డిగ్రీల వేడికి చేరగానే ఆపేసే ఏర్పాటు ఉంటేనే 30. వేప్ పరికరాల్లో సెల్ వేడి కొలిచి ఆపే ఏర్పాటు సాధారణంగా ఉండదు, అయినా 30 అనే అమ్ముతారు. ఇంకో మాట: బటన్ ఇరుక్కుపోయి జేబులో దానంతటదే ఆన్ అయితే, అప్పుడు అది పల్స్ కాదు, ఆగకుండా లాగడమే. కాబట్టి లెక్కకు తీసుకోవాల్సింది ఆగకుండా ఇచ్చే ఆంపియర్లనే, అందులోనూ కొంత వదిలేసి.

తొడుగు మీద అంకెను ఎంతవరకు నమ్మాలి

18650 డబ్బాలో ప్రస్తుతం మామూలుగా దొరికే మంచి సెల్స్ కెపాసిటీ 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కల ఆగుతుంది. ఆన్‌లైన్‌లో 5000, 6800, 9900 అని అచ్చేసిన సెల్స్ ఇష్టం వచ్చినట్టు దొరుకుతాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అంత నిల్వ ఆ డబ్బాలో పట్టదు. అబద్ధపు తొడుగు కింద పాత ల్యాప్‌టాప్ నుంచి పీకిన సెల్ ఉండొచ్చు, ఫ్యాక్టరీ పరీక్షలో తప్పిన సరుకు ఉండొచ్చు. ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఒకటుంది, తూకం. అసలైన 18650 దాదాపు 44 నుంచి 48 గ్రాములు తూగుతుంది. వంటింటి డిజిటల్ త్రాసు మీద పెడితే 30 గ్రాములే చూపించిందంటే లోపల పదార్థం లేదని అర్థం. తూకం సరిపోయిందంటే అసలైనదే అని మాత్రం కాదు, పరీక్ష ఒకవైపే పనిచేస్తుంది.

ఈ సెల్స్ తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు ప్రపంచంలో కొద్దే: శాంసంగ్ ఎస్‌డీఐ, ఎల్‌జీ, పానసోనిక్, మురాటా, తైవాన్‌కు చెందిన మోలిసెల్, కొన్ని చైనా కంపెనీలు. మిగతా రంగురంగుల పేర్లలో చాలావరకు వీళ్ల దగ్గరో ఇంకొకరి దగ్గరో కొని, తమ తొడుగు వేసి, తమకు తోచిన అంకె రాసి అమ్మేవే. సోనీ తన బ్యాటరీ వ్యాపారాన్ని 2017లో మురాటాకు ఇచ్చేసింది కాబట్టి ఈరోజు "కొత్త స్టాక్ సోనీ" అని ఎవరైనా అంటే కాస్త ఆగి అడగాలి.

దీంట్లో దాచకూడని చేదు నిజం ఒకటుంది. శాంసంగ్, ఎల్‌జీ, మురాటా ఈ సెల్స్‌ను విడిగా జనానికి అమ్మడానికి తయారుచేయట్లేదు. ప్యాక్‌లో కూర్చి, రక్షణ సర్క్యూట్ పెట్టి వాడటానికే అంటున్నాయి. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ కూడా 2021లో విడి 18650 సెల్స్ కొనొద్దు, వాడొద్దు అని హెచ్చరించింది. అందుకని కొత్తగా పరికరం ఎంచుకునేవాళ్లకు సూటిగా చెప్పదగిన మాట: బ్యాటరీ మార్చే పరికరం కన్నా, పేరున్న కంపెనీ తయారుచేసిన, లోపలే బ్యాటరీ ఉన్న తక్కువ వాట్ల పరికరం ఎంతో నయం. విడి సెల్ వేసేదే వాడాలనుకుంటే పైన చెప్పిన లెక్క, నమ్మకమైన దుకాణం, రెండూ తప్పనిసరి.

మన ఊళ్లలో ఈ మోసం ఎక్కువగా టార్చ్‌లైట్ రూపంలో వస్తుంది. రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి వెళ్లే రైతు చేతిలో ఉండే చార్జింగ్ టార్చ్‌లో చాలాసార్లు ఇదే సెల్ ఉంటుంది. సెల్ పోతే పట్నంలో ఎలక్ట్రికల్ షాపులో ఇంకోటి తెచ్చి వేస్తారు. మన దేశంలో ఈ రకం సెల్స్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అన్న ప్రమాణం సంఖ్య, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ దాని మీద ఉండాలి. టార్చ్ లాగే కరెంట్ తక్కువ కాబట్టి అక్కడ ఆంపియర్ల భయం అంతగా లేదు. కానీ పీకిన పాత సెల్ చార్జింగ్‌లో పెట్టి, మంచం పక్కన ప్లగ్‌లో వదిలేసి పడుకోవడం మాత్రం వేప్ ఎంత ప్రమాదమో అంత ప్రమాదం.

సెల్ మీద రాసే రసాయనాల పేర్ల దగ్గర ఎక్కువ తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఐసీఆర్ అంటే కోబాల్ట్ రకం, వేడికి తొందరగా లొంగేది, వేప్‌కు వాడకూడదు. ఐఎంఆర్ అంటే మాంగనీస్ రకం, ఐఎన్ఆర్ అంటే నికెల్ కలిసినది. ఇప్పుడు దొరికే మంచి సెల్స్ ఎక్కువగా ఐఎన్ఆర్. ఇవి పేలవు అని అమ్మేవాళ్లు అంటారు. కోబాల్ట్ రకం కన్నా కాస్త ఓర్పు ఎక్కువ, అంతే. లోపల చిన్న రక్షణ సర్క్యూట్ ఉన్న "ప్రొటెక్టెడ్" సెల్స్ టార్చ్‌లకు మంచివి. వేప్‌లో మాత్రం అవి పొడవు ఎక్కువై పట్టకపోవచ్చు, పట్టినా ఎక్కువ కరెంట్ లాగగానే ఆగిపోవచ్చు.

రెండు సెల్స్ పరికరమైతే ఒకేరోజు కొన్న, ఒకే రకం జతనే వాడాలి. మీద మార్కర్‌తో ఒకే గుర్తు పెట్టుకుని, ఎప్పుడూ కలిపే చార్జ్ చేసి, కలిపే తీసేయాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే పాతది ముందే ఖాళీ అవుతుంది. కొత్తది దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. చార్జర్ కూడా ఒక్కో సెల్‌ను విడిగా చూసి 4.2 వోల్టుల దగ్గర ఆపేదై ఉండాలి. నిద్రపోతూ, ఇంట్లో ఎవరూ లేకుండా చార్జ్ పెట్టకూడదు. చార్జింగ్‌లో జరిగిన ఆ 48 ఘటనలు గుర్తుంచుకోవాలి.

విడి సెల్‌ను ప్లాస్టిక్ డబ్బాలోనో, సిలికాన్ తొడుగులోనో తప్ప జేబులో, హ్యాండ్‌బ్యాగ్‌లో వేయకూడదు. తొడుగు మీద గోరంత చిరుగు కనిపించినా, ప్లస్ దగ్గర కాగితపు రింగు లేచినా ఆరోజుకి ఆ సెల్ పక్కన పెట్టాలి. కొత్త ప్లాస్టిక్ తొడుగు హెయిర్ డ్రయ్యర్ వేడితో బిగుసుకుంటుంది, అది చేయడం రాకపోతే కొత్త సెల్ కొనుక్కోవడమే. సొట్ట పడిన సెల్ మాత్రం బాగుచేసేది కాదు.

విదేశాల నుంచి మన దేశానికి వచ్చేవాళ్లు విమానం నియమం గుర్తుపెట్టుకోవాలి. విడి లిథియం బ్యాటరీలు చెక్ ఇన్ సామాన్లో పెట్టకూడదు, చేతి బ్యాగ్‌లోనే, అదీ కొనలు దేనికీ తగలకుండా. ఈ-సిగరెట్‌ను కూడా చెక్ ఇన్‌లో వేయకూడదు. ఇక అది చేతి బ్యాగ్‌లో ఉన్నా శంషాబాద్‌లో దిగాక దిగుమతి నిషేధం ఉండనే ఉంది, కాబట్టి పరికరాన్ని బయలుదేరిన చోటే వదిలి రావడం మంచిది.

పొరపాటున సెల్ వేడెక్కి బుసకొట్టడం మొదలైతే దాన్ని చేత్తో పట్టుకుని బాగుచేయాలని చూడకుండా, దూరంగా, మండని నేల మీదికి విసిరేయాలి. ఆ పొగ విషం, పీల్చకూడదు. అంటుకుంటే నీళ్లు పుష్కలంగా పోయొచ్చు, వేడి తగ్గించడమే ముఖ్యం. జేబులో పేలి తొడ కాలితే అది మంట గాయం మాత్రమే కాదు, లోపలి రసాయనాలు చర్మానికి అంటుకుంటాయి. ఇంట్లో బర్నాల్ రాసుకుని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లి, బ్యాటరీ పేలిందని డాక్టరుకు మొదటి మాటలోనే చెప్పాలి.

అయిపోయిన సెల్‌ను చెత్తబుట్టలో వేయకూడదు. అయిపోయినట్టు కనిపించినా లోపల ఇంకా కొంత మిగిలే ఉంటుంది. చెత్త బండిలో నలిగితే మంట పుడుతుంది. రెండు కొనలకూ టేప్ అంటించి, అమెరికాలో అయితే హార్డ్‌వేర్ దుకాణాల్లో ఉండే బ్యాటరీ పెట్టెల్లో, మన దగ్గర అయితే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయాలి.